పైకి వెళ్లే క్యారేజీ

కుట్టుపని కొట్లో ఆమె మిషను కిటికీ పక్కన ఉంటుంది. వెలుతురు కోసం ఆ చోటు అడిగిందని కొట్టు యజమాని అనుకుంటాడు. పాపం, ఆయన చూపు దారం దాటి పోదు. తోటి పనివాళ్లతో దెబ్బలాడినంత పని చేసి ఆమె ఆ చోటు దక్కించుకున్నది క్రేన్ కోసం. వీధి చివర పెద్ద భవనం ఒకటి లేస్తోంది. దాని నెత్తి మీద, ఆకాశంలో అడ్డంగా, ఒక పసుప్పచ్చ ఇనుప చెయ్యి తిరుగుతూ ఉంటుంది. ఆ చెయ్యి మొదలు దగ్గర చిన్న అద్దాల గది ఉంటుంది. ఆ గదిలో కూర్చుని క్రేన్ నడిపేది ఆమె మొగుడు.

చెయ్యి తిరుగుతోందంటే ఆయన బాగున్నట్టు. ఆగిందంటే ఏమిటన్నది ఆమె మనసులో కూడా అనుకోదు. ప్యాంటు అంచు మడిచి ఒక వరస కుట్టి తలెత్తుతుంది, చూస్తుంది, మళ్లీ తల దించుతుంది. చూపు తప్పి సూది వేలిలోకి దిగిన రోజులున్నాయి. పక్క బల్ల మీద కాజాలు కుట్టే ఆవిడ నోరు ఊరుకోదు.

"ఏం, మీ ఆయన చెయ్యి ఊపాడా?" అంటుంది.

"ఊపాడు. నిన్ను అడిగినట్టు కూడా చెప్పమన్నాడు," అని ఈమె అంటిస్తుంది. కొట్లో అందరూ నవ్వుతారు. తనూ నవ్వుతుంది, నవ్వుతూనే ఇంకోసారి కిటికీలోంచి చూసుకుంటుంది.

ఇలా బెదిరే మనిషి కాదు ఆమె. మేనత్త దగ్గర కుట్టు నేర్చుకుంది. ఆ మేనత్త మాట కంటే ముందు స్కేలుతో పలకరించే రకం. ఆవిడకే ఎదురు సమాధానం చెప్పి నెగ్గుకొచ్చింది. క్రేన్ నడిపేవాణ్ణి చేసుకుంటావా, ఎప్పుడు కింద పడతాడో అని చుట్టాలు తలో మాటా అంటే, "పడితే మీ నెత్తిన పడడులెండి" అని అందరి నోళ్లూ మూయించి మరీ చేసుకుంది. పెళ్లైన కొత్తలో ఆయన ఎక్కే నిచ్చెన చూస్తానని పట్టుబట్టి వెళ్లి, మెడ నొప్పెట్టేదాకా చూసి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయింది. ఎత్తు ఆమెని ఏనాడూ భయపెట్టలేదు. భయపెట్టింది ఆస్పత్రి గదిలో డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పిన నాలుగు మాటలు.

"ఏళ్ల తరబడి రక్తపోటు ఎక్కువగా ఉండిపోయిందమ్మా. దానివల్ల గుండె కండ దళసరెక్కింది. ఇది ఇలాగే సాగితే గుండె అలిసిపోతుంది. మందుల సంగతి నేను చూసుకుంటాను. తిండి మాత్రం మీ చేతిలో ఉంది."

డాక్టరమ్మ ఆ చివరి మాట ధైర్యానికే అని ఉంటుంది. ఈమెకి మాత్రం అది ఎత్తలేని మూటను తెచ్చి చేతిలో పెట్టినట్టైంది. ఆయన ప్రాణం తన గరిటె చివర ఉంది. పొరపాటున ఒక చిటికెడు ఎక్కువ పడితే ఏమవుతుంది? 

వంటింటిని ఆమె తలకిందులు చేసింది. ఉప్పుచేపలు, ఊరగాయలు, డబ్బాల్లో వచ్చే మాంసం, సీసాల్లో సాసులు, ప్యాకెట్ల సూపు, అన్నీ ఎత్తి ఇరుగుపొరుగుకి ఇచ్చేసింది. వేపుళ్లు మానేసి ఉడకబెట్టడం మొదలుపెట్టింది. రోజుకొక ఆకుకూర, చిక్కుడు గింజలు, పొట్టు తీయని ధాన్యం, నూనె అంతగా తగలని చేప, పళ్లు. మనిషికి రోజంతటికీ కలిపి తలగొట్టిన ఒక చిన్న చెంచా ఉప్పు దాటకూడదని, రొట్టెలోనూ బిస్కెట్లలోనూ దాక్కున్నది కూడా అందులోకే వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఈమె భయం కొద్దీ ఆ చెంచాని కూడా సగం చేసింది. నాలుక ఊరుకోదు కాబట్టి నిమ్మరసం పిండింది, వెల్లుల్లి దంచింది, మిరియాలు నూరింది. తనూ అదే తిన్నది. ఆయన పస్తుంటే తను రుచులు మరిగిందన్న మాట రాకూడదు కదా.

మొదటి రోజుల్లో ఆయన మొహం చూడాలి. అన్నం ముందు కూర్చుని గోడ మీద గడియారంతో మాట్లాడేవాడు.

"గడ్డి నయం. దానికి కనీసం పచ్చి వాసనైనా ఉంటుంది," అనేవాడు.

"కొన్నాళ్లు ఓర్చుకోండి. నాలుక అదే అలవాటు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది కదా."

"నాలుక అలవాటు పడేలోపల నేను చిక్కి శల్యమైపోతాను. గాలికి కొట్టుకుపోకుండా నన్ను ఆ కుర్చీకి కట్టేసి రా."

మధ్యాహ్నం క్యారేజీ సగం తిని సగం మిగిల్చి తెచ్చేవాడు. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది ఆమెకి. తినకపోతే నీరసం. నీరసంతో అంత ఎత్తున కళ్లు తిరిగితే?

ఆ భయం మాత్రం తొందరగానే తీరింది. ఒక రోజు క్యారేజీ ఖాళీగా వచ్చింది. మర్నాడూ ఖాళీయే. ఇంకొన్నాళ్లకి ఆయన చెయ్యి కడుక్కుంటూ, "ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇవాళ మధ్యాహ్నం చిక్కుడు గింజలు అదిరిపోయాయి. నాలుక దారిలో పడ్డట్టే ఉంది," అన్నాడు. ఆమె కళ్లు చెమర్చాయి. గెలిచాననుకుంది. రాత్రి అన్నం మాత్రం ఆయన ఎప్పట్లాగే కష్టపడి మింగుతున్నాడు. మధ్యాహ్నం ఆకలి మీద తింటాడు కాబట్టి రుచి తెలుస్తోందేమోనని సరిపెట్టుకుంది.

తీరా ఆస్పత్రికి వెళ్తే రక్తపోటు ఉన్నచోటే ఉంది. ఆ తర్వాతి సారీ అంతే. డాక్టరమ్మ చేతిపట్టీ విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ చూసింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"తిండి నిజంగా చెప్పినట్టే తింటున్నారా?"

"తింటున్నానండీ," అన్నాడాయన.

"అయితే మందు సరిపోవడం లేదన్నమాట. ఈ మాత్ర రెట్టింపు చేస్తున్నాను. ఒంట్లో ఉప్పూ నీళ్లూ బయటికి పంపే మాత్ర ఇంకొకటి కలుపుతున్నాను. వచ్చేసారికీ తగ్గకపోతే ఇక పైకి ఎక్కడానికి నేను ఒప్పుకోను. తిండిలో ఏ మార్పు వచ్చినా నాకు చెప్పండి, మర్చిపోవద్దు."

మార్పు అంటే చెడ్డ మార్పే అనుకుంది ఆమె. మంచి మార్పు కూడా చెప్పవలసిన సంగతేనని ఆ పూట ఎవరికీ తట్టలేదు.

ఇంటికి వచ్చేదాకా పళ్ల బిగువున మాటలు ఆపుకుంది. తలుపు వేయగానే నిప్పులు చెరిగింది.

"ఎవరి దగ్గర తింటున్నారు? ఆ సైటు పక్కన బండివాడి దగ్గరేనా? మీ కోసం నేను కూడా ఈ చప్పిడి కూడు తింటున్నాను. మీరు నా కళ్లలో దుమ్ము కొడతారా?"

"నువ్వు పెట్టింది తప్ప నేనేమీ ముట్టుకోలేదు."

"ముట్టుకోకపోతే ఎందుకు తగ్గదు?"

ఆయన కుర్చీలో కూర్చుని చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. మర్నాటి నుంచి మాటలు తగ్గించేశాడు. ఆదివారం ఆమెని పిలిచి ఫ్యూజు పోతే ఎలా వెయ్యాలో చూపించాడు. నీళ్ల మోటారు ఆగిపోతే ఎక్కడ తట్టాలో చూపించాడు. "ఇవన్నీ నాకెందుకు, మీరున్నారుగా," అంటే, "నేర్చుకుంటే తప్పేముంది," అన్నాడు. దొంగవని అన్నందుకు అలిగాడు, ఇంటి పనులు తన నెత్తిన వేసి కక్ష తీర్చుకుంటున్నాడు అనుకుంది ఆమె.

దొంగని పట్టుకోవాలి. ఒక రోజు మధ్యాహ్నం కడుపులో నొప్పని చెప్పి కొట్లోంచి బయటపడింది. సైటు గేటు పక్కన పేర్చిన ఇటుకల వెనక నిలబడింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది.

ఆ నిచ్చెన దిగి, తిని, మళ్లీ ఎక్కడం అయ్యే పని కాదు కాబట్టి, భోజనం వేళకి ఆయన పైనుంచి తాడు కట్టిన బకెట్టు వదులుతాడు. పొద్దున్నే కింద ఇచ్చి వెళ్లిన క్యారేజీని ఆ బకెట్టులో పెట్టేవాణ్ణి అందరూ జెండా అంటారు. ఎర్ర జెండా, పచ్చ జెండా ఊపి, ఈల వేసి, బరువు ఎటు తిప్పాలో ఎక్కడ దించాలో పైవాడికి చెప్పే మనిషి. అసలు పేరు వాళ్ల అమ్మకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయనతో ఏళ్లుగా పనిచేస్తున్నాడు. ఈమెని వదినా అని నోరారా పిలుస్తాడు. మేడ చాటున పడి పైవాడికి కనిపించని చోట్ల, ఆయన ఆ జెండాని నమ్మే టన్నుల ఇనుము జనం పక్కన దించుతాడు.

బండివాడు వస్తాడేమోనని ఆమె కళ్లు కాయలు కాసేలా చూస్తోంది. బండివాడు రాలేదు. రేకుల పాకలోంచి జెండా క్యారేజీ పట్టుకుని బయటికి వచ్చాడు. బల్ల మీద పెట్టి మూత తీశాడు. వేలితో కూర ముట్టి నాలుక్కి రాసుకుని మొహం చిట్లించాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి, గిన్నె గిన్నెకీ ఉప్పు చల్లి, చెంచాతో అడుగు దాకా కలిపాడు. పసిపిల్లకి అన్నం కలిపినంత శ్రద్ధగా కలిపాడు.

  ఆమె ఇటుకల చాటు నుంచి వెళ్లి ఆ క్యారేజీ మీద చెయ్యి వేసింది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

జెండా తెల్లబోయాడు. "వదినా, మీరా," అని పొట్లం జేబులో కుక్కబోయాడు. అందులోది సగం నేల పాలైంది.

"నిన్నే అడుగుతున్నాను. ఎన్నాళ్ల నుంచి?"

"మీరు చప్పిడి కూర పంపడం మొదలెట్టిన కొన్నాళ్లకే. అన్న సగం తినకుండానే బకెట్టు దించేసేవాడు. ఏమిటా అని రుచి చూస్తే నోట్లో పెట్టుకోలేకపోయాను. అంత ఎత్తున ఖాళీ కడుపుతో కూర్చుంటే కళ్లు తిరగవా వదినా? ఆయన చేతి కింద మేమింతమందిమి ఉన్నాం. కాస్త ఉప్పు వేస్తే శుభ్రంగా తిన్నాడు. మంచే చేస్తున్నాననుకున్నాను."

"ఆయనకి బీపీ అని నీకు తెలియదా?"

"బీపీ లేనిదెవరికి? మా ఇంట్లో అందరికీ ఉంది. అందరం తింటూనే ఉన్నాం."

చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకి. కానీ చెయ్యెత్తకుండా నోటితోనే చెప్పింది. గుండె సంగతి ఆమె చెప్పేకొద్దీ నేల మీద కూలబడి తల పట్టుకున్నాడు. ఇక చచ్చినా చెయ్యి పెట్టనన్నాడు. ఆమె కొట్లోంచి వస్తూ చేతపట్టుకొచ్చిన తన క్యారేజీలోని, పొట్లం ఉప్పు కలవని అన్నం బకెట్టులో పెట్టింది. బకెట్టు ఊగుతూ పైకి వెళ్తుంటే చూసింది. అంతలోనే ఇంకో భయం ఆమెని పట్టుకుంది. తల వెనక్కి వంచి చూస్తే, ఆ చెయ్యి చివరి నుంచి ఇనుప దూలాల కట్ట ఒకటి వేలాడుతోంది. దాని పక్కనే పనివాళ్లు నడుస్తున్నారు.

ఈ సంగతి ఆయనకి తెలిస్తే ఏమవుతుంది? కడుపులోకి వెళ్లే దాంట్లో ఇన్నాళ్లు మోసం చేసినవాడి జెండాని రేపు నమ్ముతాడా? ఒక్క క్షణం తటపటాయిస్తే ఆ దూలాలు ఎవరి మీద పడతాయి?

"ఆయనకి చెప్పకు," అంది. "డాక్టరమ్మకీ నేను చెప్పను. ఆవిడ ఆయన ముందే అడుగుతుంది. నువ్వు మానేస్తే బీపీ అదే దిగుతుంది. దిగాక అందరం బాగుంటాం."

ఆ ఒప్పందం ఎంత తెలివితక్కువదో అప్పుడు తెలియలేదు. భయంలో ఉన్న మనిషికి నోరు మూసుకోవడమే మందులా కనిపిస్తుంది.

ఇంట్లో ఆయన మళ్లీ క్యారేజీ మిగల్చడం మొదలుపెట్టాడు. పొద్దున్న మంచం మీంచి లేచి, గోడ పట్టుకుని, కాసేపు ఆగి నడిచేవాడు. "ఏమైంది?" అంటే "కాలు తిమ్మిరెక్కింది" అనేవాడు. ఆమె నమ్మింది. ఉప్పు దిగిపోతోంది, ఒళ్లు సర్దుకుంటోంది అనుకుంది. రెట్టింపు మాత్రలు ఉప్పు తిన్న ఒంటికి కొలిచి ఇచ్చినవని, ఇప్పుడు ఆ ఒంట్లో ఉప్పు లేదని, ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఆమెకి తోచలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె ఒక కోటు చేతులు పొట్టి చేస్తోంది. తలెత్తి చూసింది. చెయ్యి ఆగి ఉంది. భోజనం వేళ ఎప్పుడో దాటింది. ఇంకో వరస కుట్టి చూసింది. కదల్లేదు. కాజాలావిడ కూడా కుట్టడం ఆపి కిటికీ వైపు తిరిగింది. ఈసారి ఆవిడ వేళాకోళం ఆడలేదు.

"వెళ్లు," అంది. "కోటు నేను చూసుకుంటాను. వెళ్లు."

వీధిలో ఎవరిని తోసుకుంటూ పరిగెత్తిందో ఆమెకి తెలియదు. గేటు దగ్గర పనివాళ్లంతా గుంపుగా నిలబడి పైకి చూస్తున్నారు. బరువు నేల మీదే ఉంది, భద్రంగా దించాడు. కానీ ఆయన నిచ్చెన మధ్యలో ఉన్నాడు. కిందికి దిగుతూ ఆగిపోయాడు. ఒక చేతిని మోచేతి దాకా మెట్టులో దూర్చి, తల ఇనుముకి ఆనించి, కదలకుండా వేలాడుతున్నాడు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. పిలుద్దామంటే, పిలిస్తే తల తిప్పి చూస్తాడని భయం. నోట్లో కొంగు కుక్కుకుని నిలబడిపోయింది.

జెండా ఎక్కుతున్నాడు. ఎత్తంటే హడలి చచ్చే మనిషి, ఏనాడూ ఆ నిచ్చెన ముట్టుకోని మనిషి, ఏడుస్తూ ఎక్కుతున్నాడు. ఆయన కాళ్ల కిందికి చేరి, భుజం ఆనించి, పాదం పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెడుతూ దించాడు. "ఇదిగో మెట్టు అన్నా. నేనున్నాను. ఇదిగో ఇంకోటి." కింద ఎవరూ ఊపిరి పీల్చలేదు. ఆయన కాలు నేలకి ఆనగానే మోకాళ్లు మడతపడ్డాయి, పదిమంది చేతులు పట్టుకున్నాయి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చేతిపట్టీ కట్టి చూసి అదిరిపడింది.

"ఇంత కిందికి పడిపోయిందేమిటి? ఏం మారింది? ఏదో మారింది. నాకు చెప్పండి."

మంచం మీద ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. గుమ్మం దగ్గర జెండా టోపీ నలుపుతూ నేల చూస్తున్నాడు.  ఆమె చెప్పింది. పొట్లం, రేకుల పాక, ఇటుకల వెనక తను నిలబడటం, ఒప్పందం, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన వైపు చూడలేదు.

డాక్టరమ్మ కోపం ఆపుకోవడం తెలుస్తూనే ఉంది. "ఉప్పు మానిపించడం మంచి పనే. కానీ ఆ రోజే నాకు చెప్పవలసింది. మాత్రలు తగ్గించేదాన్ని. తిండీ మందూ రెండూ కలిసి పనిచేస్తాయమ్మా. ఒకటి మారితే రెండోది కూడా చూసుకోవాలి. ఆ నిచ్చెన మీద చెయ్యి జారి ఉంటే ఏం చేసేవారు?"

ఆయన కళ్లు తెరిచాడు. జెండాని చూసి అరుస్తాడనుకుంది ఆమె. తనని చూసి మొహం తిప్పుకుంటాడనుకుంది. ఆయన ఆ ఇద్దరినీ చూడలేదు.

"డాక్టరుగారూ," అన్నాడు.  "అంటే... నా గుండె మందులకి లొంగనంత పాడవలేదా? తగ్గనిది ఆ ఉప్పు వల్లేనా?"

"లొంగింది కాబట్టే కళ్లు తిరిగి పడ్డారు. ఇన్నాళ్లూ అడ్డుపడింది ఆ ఉప్పే. ఇక కొలిచి ఇస్తాను. తగ్గుతుంది."

ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వంకర్లు పోయింది. దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఏడవగా ఆమె చూడలేదు. జెండా వరండాలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి ఆయన సర్దుకుని ఆమె వైపు తిరిగాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

చెప్పింది.

"ఆ రోజే చెప్పవలసింది," అన్నాడు. కోపంగా అనలేదు, అదే ఆమెకి ఇంకా కష్టమైంది. "ఉప్పు మానేసినా తగ్గలేదంటే నా పని ఐపోయిందనుకున్నాను. ఎన్నాళ్లో ఉండనని, నువ్వు ఒక్కదానివీ ఎలా నెగ్గుకొస్తావోనని... ఆ ఫ్యూజు నీకు సరిగా వచ్చిందో లేదోనని కూడా దిగులే. అక్కడ కూర్చుని రోజూ నీ కొట్టు కిటికీ చూసుకునేవాణ్ణి. నువ్వు కనిపించవు. అద్దం మీద ఎండ పడి మెరుస్తుంది, అంతే. చూస్తూ ఉండేవాణ్ణి."

 ఇన్నాళ్లూ ఆయన కోసం ఆమె పడని భయం లేదు. ఆయనకీ భయం వేస్తుందన్న ఆలోచన మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.